22 అక్షరాల పనితనం

క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమందిని బలితీసుకునేది మొదట పుట్టిన గడ్డ కాదు, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకో ఎముకలకో పాకిన కణాలు. ఆ పాకడంలో మైక్రోఆర్‌ఎన్‌ఏల హస్తాన్ని బయటపెట్టిన ప్రయోగం ఏదంటే తడుముకోకుండా చెబుతాను: 2007లో అమెరికాలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌లో లీ మా, రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం చేసింది.

ఈ అణువుల చరిత్ర రెండు ముక్కల్లో. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ ఒక చిన్న పురుగులో వీటి గుట్టు విప్పారు. 2024లో నోబెల్ వచ్చింది. పొడవు సుమారు 22 అక్షరాలు, అంటే న్యూక్లియోటైడ్‌లు. ఇవి ప్రొటీన్‌గా మారవు. వీటి మొదట్లో ఉండే ఏడెనిమిది అక్షరాలు, జన్యువు సందేశాన్ని మోసే ఏ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏతో జత కుదిరితే దాని నోరు నొక్కేస్తాయి.

ఇక లీ మా పనితనం చూడండి. పాకే గుణం లేని రొమ్ము క్యాన్సర్ కణాల్లో మైక్రోఆర్‌ఎన్‌ఏ-10బిని పెంచి ఎలుకల్లో పెడితే, ఆ కణాలు చుట్టుపక్కలకి చొరబడి దూరాలకు పాకాయి. అంతటితో ఆగితే ఇంత పొగడాల్సిన పనిలేదు. తీగ లాగి డొంకంతా కదిలించారు. ట్విస్ట్ అనే ప్రొటీన్ 10బిని లేపుతుంది. 10బి హాక్స్‌డి10 అనే జన్యువును అణచేస్తుంది. ఆ అదుపు పోగానే ఆర్‌హెచ్‌ఓసీ అనే మరో జన్యువు విజృంభించి కణాన్ని కదిలిస్తుంది. 2010లో దీన్నే తిరగేసి చూశారు. 10బిని అడ్డుకునే యాంటగోమిర్‌ను ఎలుకలకు ఎక్కిస్తే ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గింది, మొదటి గడ్డ పెరుగుదల మాత్రం తగ్గలేదు. పెరగడం వేరు, పాకడం వేరు అని ఇంత శుభ్రంగా చూపించిన ప్రయోగాలు అరుదు.

సోహెయిల్ తవజోయీ, జోన్ మసాగే 2008లో ఎదురు దిక్కు నుంచి వచ్చారు. బాగా పాకే కణాలు ఏం పోగొట్టుకున్నాయో వెతికితే మైక్రోఆర్‌ఎన్‌ఏ-335, 126 దొరికాయి. వాటిని తిరిగి కణాల్లో పెడితే పాకడం తగ్గింది. మైక్రోఆర్‌ఎన్‌ఏ-200 కుటుంబానిది మరీ చిత్రమైన కథ. జెబ్1 అనే ప్రొటీన్‌ను అణచి కణాలను కదలనివ్వదు, కానీ కొన్ని ఎలుకల ప్రయోగాల్లో కొత్త చోట కాపురం పెట్టడానికి సాయపడింది. బయలుదేరేటప్పుడు కాపలాదారు, చేరాక తోడుదొంగ!

ఇంత ఓపికైన విద్యకు పట్టిన చీడ నకిలీ పేపర్లు. ఒక క్యాన్సర్ పేరు, ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ నంబరు మార్చి, అచ్చు గుద్దినట్టు తయారుచేసి అమ్మే ముఠాలున్నాయి. సిడ్నీలో జెన్నిఫర్ బర్న్ బృందం 11,799 జన్యు పరిశోధన పేపర్లను జల్లెడ పట్టి, 712లో తప్పుడు అక్షర వరుసలున్నాయని 2022లో తేల్చింది. ఏ జన్యువునూ తాకదని రాసిన వరుస నిజానికి ఒక జన్యువుకే గురిపెట్టి ఉంటే దాన్ని ప్రయోగం అంటామా? వాటిని అచ్చువేసిన పత్రికలకు సిగ్గుండాలి. అసలైన పనికే మందు దాకా రావడం గగనంగా ఉంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ-34 నకలుగా తయారైన ఎంఆర్‌ఎక్స్34 పరీక్షలు రోగుల్లో తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాలు రావడంతో 2016లో ఆగిపోయాయి. దారి ఇలా ఉంటే, దొంగ ఫలితాలను నమ్మి మరో ప్రయోగశాల ఏళ్లు పోగొట్టుకోవాలా?

ఈ రంగంలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలకు ఒక్క మనవి. ఏ పేపరు మీదైనా ఆధారపడేముందు అందులోని వరుసను, జన్యు వరుసలను పోల్చిచూసే బ్లాస్ట్ అనే సాధనంలో వేసి చూడండి. అది ఉచితం, నిమిషాల పని. తేడా కనిపిస్తే ఊరుకోకండి, ఆ పత్రికకు రాయండి.