గుడారాల దగ్గరి పనితనం

దండయాత్ర వీడియో ఆటల్లో కత్తియుద్ధాలు ఎవరైనా చూపిస్తారు. డెన్మార్క్‌కు చెందిన లాజిక్ ఆర్టిస్ట్స్ బృందం 2013లో తెచ్చిన ‘ఎక్స్‌పెడిషన్స్: కాంకిస్టడార్’లో నాకు బాగా నచ్చింది రాత్రి విడిది. కాలం 1518. చిన్న స్పానిష్ బృందాన్ని ముందు హిస్పానియోలా దీవిలో, ఆ తర్వాత మెక్సికోలో నడిపించాలి. పొద్దుగూకగానే గుడారాలు వేసి, వేటకెవరు, కాపలాకెవరు, మందులు నూరేదెవరు, గాయపడ్డవాళ్లను చూసుకునేదెవరు అని మనమే పనులు పంచాలి. వేటాడి తెచ్చిన మాంసాన్ని నిల్వ చేసుకోకపోతే కుళ్లిపోతుంది. మందు అందని గాయం ముదిరి ప్రాణం మీదికొస్తుంది. పైగా ఒక్కొక్కరిదీ ఒక్కో స్వభావం. మన నిర్ణయం భక్తుడికి నచ్చితే ధనాశపరుడికి నచ్చదు. మనసు మరీ విరిగితే తిరగబడతారు.

ఆట రూపకర్తల అసలు విద్య ఇదే: సరుకుల లెక్కలోంచి మనుషుల కథ పుట్టించడం. ఇలాంటి దండయాత్ర కథలో దోపిడీ సాహసంలా కనబడే ప్రమాదం ఉంది (మెక్సికో ప్రజలకు అది సర్వనాశనం). అందుకే స్థానికులతో మాట్లాడి పొత్తు కుదుర్చుకునే దారులూ రాసిపెట్టడం నాకు గొప్పగా అనిపిస్తుంది. చదివే ఓపికున్నవాళ్లు తప్పక ఆడాల్సిన ఆట.