రక్తానికీ క్యూసెక్కుల లెక్క

జూరాల జలాశయం నిండిందంటే చాలు, గద్వాల వైపు కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారు, వనపర్తి వైపు ఎన్ని అన్నదే రైతుల మాట. కాలువ అడ్డుకోత వైశాల్యాన్ని నీటి వేగంతో గుణిస్తే వచ్చేదే ఆ లెక్క. గుండె నుంచి బయల్దేరే రక్తాన్ని ఎమ్మారైతో కొలిచేదీ ఆ గుణకారంతోనే. చిక్కంతా వేగం తెలుసుకోవడంలోనే ఉంది. రక్తనాళంలోకి మీటరు దించలేం కదా!

ఎమ్మారై అంటే ఒంటి లోపలి బొమ్మ తీసే యంత్రమనే మనకు తెలుసు. నిజానికి ప్రవాహం సంగతి ఆ బొమ్మ కంటే పాతది. ఎమ్మారై బొమ్మ 1973లో గానీ రాలేదు. 1951లోనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్, గొట్టంలో పారే ద్రవం ఇచ్చే అయస్కాంత సంకేతం నిలిచి ఉన్న ద్రవం ఇచ్చేదానికంటే వేరుగా ఉంటుందని చూపారు. మన పొరుగున జరిగిన ఈ పని గురించి మనం ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. 1959లో అమెరికాలో జె.ఆర్. సింగర్ ఎలుక తోకలో రక్తప్రవాహాన్ని ఇదే దారిలో పరీక్షించాడు.

ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిలో యంత్రం అయస్కాంత క్షేత్రాన్ని ఒక దిశలో క్షణకాలం ఎక్కువతక్కువలు చేసి, వెంటనే అంతే సేపు తిరగేస్తుంది. కదలని కండలోని హైడ్రోజన్ కేంద్రకాలకు మొదటి మార్పును రెండోది చెరిపేస్తుంది. రక్తం ఆలోగా చోటు మారింది కాబట్టి దాని లెక్క సున్నా కాదు. ఆ మిగులు ఎంతో, వేగం అంత. ఇందుకు రంగు మందు ఎక్కించనక్కర్లేదు. ఈసీజీ తీగలు తగిలించి, గుండె ఒక్కసారి కొట్టుకునే వ్యవధిని ముక్కలు చేసి కొలుస్తారు.

నేర్పంతా టెక్నీషియన్‌ది. కొలిచే తలం నాళానికి లంబంగా ఉండాలి. వేగానికి పైహద్దు ముందే పెట్టాలి. సెకనుకు 150 సెంటీమీటర్లని పెట్టినచోట, ఇరుకు నాళంలో రక్తం 200తో దూకితే, తెరమీద అది 100తో వెనక్కి పోతున్నట్టు కనబడుతుంది! జాగ్రత్త కోసమని 500 పెడితే, నెమ్మదిగా పారే రక్తం సంకేతాల రొదలో కలిసిపోతుంది.

గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డ విషయంలో ఈ లెక్క విలువ తెలుస్తుంది. ఊపిరితిత్తులకు పోయే రక్తాన్ని, ఒంటికి పోయే రక్తాన్ని విడివిడిగా కొలిచి నిష్పత్తి తీస్తారు. మామూలుగా అది 1 దగ్గర ఉంటుంది. 1.5 దాటితే రంధ్రం మూయాలా అని డాక్టర్లు ఆలోచిస్తారు. ఈ అంకె కోసం గుండెలోకి సన్నని గొట్టం పంపాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది. రక్తవేగాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచే డాప్లర్ పరీక్ష చవక, మంచం దగ్గరికే వస్తుంది, మొదట చేయాల్సిందీ అదే. అయితే ఏ కోణంలో పట్టారన్నదాన్ని బట్టి దాని అంకె మారిపోతుంది.

వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఎమ్మారై లాంటి ఖరీదైన ఏర్పాటు ప్రతి జిల్లాలో ఉండాలని నేననను. కానీ అక్కడ చదివే పిల్లలకు ఈ వేగపు హద్దు సంగతీ నిష్పత్తి సంగతీ తరగతిలోనే చెప్పండి. ఏ బిడ్డను ఎప్పుడు హైదరాబాద్ పంపాలో రేపు తేల్చాల్సింది వాళ్లే.