సాంతా లారా తొట్లు, కోల్మన్‌స్కోప్ గదులు

ఎడారిలో వదిలేసిన గనుల గురించి మాట వస్తే ముందు కళ్ల ముందుకు వచ్చేది నమీబియాలోని కోల్మన్‌స్కోప్. తలుపు సగం మేర ఇసుకలో కూరుకుపోయిన గది, పెచ్చులూడిన నీలం గోడ, కిటికీలోంచి ఏటవాలుగా పడే ఎండ. ఆ ఫొటోలు చూడనివాళ్లు అరుదు. చిలీ ఉత్తరాన అటకామా ఎడారిలో ఉన్న సాంతా లారాకు అంత పేరు లేదు. అక్కడున్నది తుప్పుపట్టిన రేకుల షెడ్డు, కలప దూలాల మీద నిలబెట్టిన ఇనుప తొట్లు, ఒక పొడవాటి పొగగొట్టం. అందానికి మార్కులు వేస్తే కోల్మన్‌స్కోప్‌దే గెలుపు. అక్కడ ఎవరు, ఏ పని, ఎలా చేశారో ఏ శిథిలం చెబుతుందని అడిగితే మాత్రం సాంతా లారా చాలా ముందుంటుంది.

సాంతా లారా 1872లో మొదలైన నైట్రేట్ కర్మాగారం. పక్కనే ఉన్న హంబర్‌స్టోన్‌తో పాటు 1960లో మూతపడింది. అయినా అక్కడి పని వరుస ఇప్పటికీ కంటికి అందుతుంది. ఎడారి నేలను పేల్చి తీసిన ఖనిజం క్రషర్లలో నలిగేది. అక్కడి నుంచి ఎత్తున కట్టిన తొట్లలోకి చేరేది. ఆవిరి గొట్టాల వేడికి నైట్రేట్ నీళ్లలో కరిగేది. ఆ ద్రావణాన్ని వెడల్పాటి తొట్లలో చల్లారబెడితే ఉప్పు పేరుకునేది. కరగకుండా మిగిలిన పిప్పిని అడుగు నుంచి తోడి బయట గుట్టలు పోసేవారు. సోడా పరిశ్రమలో వాడిన షాంక్స్ పద్ధతిని నైట్రేట్‌కు తగ్గట్టు మలిచినవాడు జేమ్స్ హంబర్‌స్టోన్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు. ఆయన పేరే తర్వాత పక్క ఊరికి పెట్టారు.

ఆ తొట్ల కింద నిలబడి తలెత్తి చూస్తే ఒక పాత డిమాండ్ అర్థమవుతుంది. 1907 డిసెంబరులో ఈ ప్రాంతపు నైట్రేట్ కార్మికులు సమ్మె చేసి ఇకీకే రేవుకు నడిచి వచ్చారు. కంపెనీ టోకెన్లకు బదులు సరైన డబ్బు ఇవ్వాలని, నచ్చిన చోట సరుకులు కొనుక్కోనివ్వాలని అడిగారు. సలసల కాగే తొట్ల మీద ఇనుప జాలీలు బిగించాలని కూడా అడిగారు. మనుషులు వాటిలో పడిపోతున్నారు కాబట్టి. డిసెంబరు 21న సాంతా మరియా బడి దగ్గర సైన్యం వాళ్ల మీద కాల్పులు జరిపింది. ఎందరు చనిపోయారన్న లెక్క ఇప్పటికీ తెగలేదు. జాలీ అడగడం ఎంత చిన్న కోరికో తొట్టిని చూసినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక కోల్మన్‌స్కోప్. లూడెరిట్జ్ రేవుకు దగ్గరలో 1908లో రైలు పట్టాల మీద ఇసుక తొలగిస్తున్న జకరియాస్ లెవాలా అనే కూలీకి ఒక వజ్రపు రాయి దొరికింది. దాన్ని తన పై అధికారి ఆగస్ట్ స్టౌక్‌కు ఇచ్చాడు. స్టౌక్ కోటీశ్వరుడయ్యాడు, లెవాలాకు ప్రతిఫలం దక్కలేదు. ఆ ఏడే జర్మన్ వలస ప్రభుత్వం చుట్టుపక్కల ప్రాంతాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. ఇసుక మధ్య ఒక చిన్న జర్మన్ పట్నం లేచింది. ఆసుపత్రి, ఐసు ఫ్యాక్టరీ, నాటకాలకూ వ్యాయామానికీ పెద్ద హాలు, బౌలింగ్ ఆట స్థలం అన్నీ వచ్చాయి. 1928లో దక్షిణాన ఆరెంజ్ నది ముఖద్వారం దగ్గర ఇంతకన్నా పెద్ద వజ్రాలు బయటపడటంతో జనం అటు తరలారు. 1956కి ఊరు ఖాళీ అయింది.

ఇప్పుడు అక్కడ చూడటానికి మిగిలినవి ఎక్కువగా నివాసాలు: మేనేజరు ఇల్లు, ఇంజనీరు ఇల్లు, టీచరు ఇల్లు. పని జాడ మాత్రం పలచన. దానికి ఒక కారణం వజ్రమే. తొలి రోజుల్లో ఆ రాళ్లు ఇసుక పైనే దొరికేవి. కూలీలు వరుసగా మోకాళ్ల మీద పాకుతూ చేత్తో ఏరేవారు. అలాంటి పనికి సాధనం మనిషి ఒళ్లే. అది షెడ్డులా నిలిచి ఉండదు. యంత్రం మీద నడిచిన దోపిడీకి ఇనుము సాక్ష్యంగా మిగిలింది, చేతుల మీద నడిచినదానికి యజమాని ఇల్లే మిగిలింది.

అయితే కారణం అంతా ఖనిజంలోనే లేదు. సాంతా లారా కూడా ఒంటరిగా చూస్తే సగం కథే చెబుతుంది. యంత్రాలు అక్కడ నిలిచాయి. ఇళ్లు, థియేటరు, ఇనుప రేకుల ఈతకొలను, కంపెనీ దుకాణం హంబర్‌స్టోన్‌లో మిగిలాయి. యునెస్కో 2005లో ఈ రెండింటినీ కలిపి ఒకే వారసత్వ స్థలంగా గుర్తించింది. దాంతో పాటే ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోనూ చేర్చి, 2019లో తొలగించింది. పొడి ఎడారి అన్నిటినీ కాపాడుతుందనుకుంటాం గానీ, ఉప్పుగాలి ఇనుమును తినేసింది, భూకంపాలు కలపను కదిపాయి, మూతపడ్డాక ఇనుప సామాను తుక్కు కింద పోయింది. మిగిలినదాన్ని నిలబెట్టినవాళ్లలో అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ముఖ్యులు. ఆ కుటుంబాలు ఏటా నవంబరులో నైట్రేట్ వారోత్సవానికి తిరిగి వస్తాయి. ఆ స్థలానికి వారసులున్నారు.

కోల్మన్‌స్కోప్‌ను 1980 ప్రాంతంలో మ్యూజియంగా బాగుచేసింది వజ్రాల కంపెనీ. అక్కడి గదులు ఫొటోగ్రాఫర్లకు ఇష్టమైనవి కావడంలో తప్పులేదు. అయితే ఫ్రేములో దూరిన ఇసుక, ఫ్రేము బయట ఉన్నదాన్ని కప్పేస్తుంది. లూడెరిట్జ్‌లోనే షార్క్ ఐలాండ్ ఉంది. వజ్రం దొరకడానికి ఏడాది ముందు వరకూ అక్కడ స్థానిక హెరెరో, నామా తెగల ఖైదీలను జర్మన్ వలస పాలకులు శిబిరంలో ఉంచి చంపారు. రైలు మార్గం పనికి ఖైదీల చాకిరీ వాడుకున్నారు. లెవాలా ఇసుక తోడింది ఆ మార్గం మీదే. ఎలిజబెత్ బే దగ్గర వజ్రాల ప్లాంటు శిథిలాలు ఉన్నాయి గానీ, అవి నిషిద్ధ ప్రాంతం లోపల ఉన్నాయి. సాంతా లారాకు హంబర్‌స్టోన్ దక్కినట్టు కోల్మన్‌స్కోప్‌కు దాని మిగతా సగం దక్కలేదు.

అందుకే కోల్మన్‌స్కోప్ మీద నా అభ్యంతరం దాని అందం మీద కాదు, సందర్శకుణ్ణి నడిపించే దారి మీద. షార్క్ ఐలాండ్, రైలు మార్గం, కూలీల బస, ఎలిజబెత్ బే ప్లాంటు, చివర్లో మేనేజరు ఇల్లు వరుసగా చూపితే ఆ నీలం గోడ అర్థం మారుతుంది. చిలీలో అలాంటి జోడింపు సాధ్యమైంది. నమీబియాలో కావలసిన శిథిలాలన్నీ ఒకే రేవు చుట్టూ ఉన్నాయి. గేట్లు తెరవడం, పటం కొత్తగా గీయడం మాత్రమే మిగిలాయి.