జవాబు చెప్పని లీలావతి

భాస్కరాచార్యుల కూతురు లీలావతి కథ మీలో చాలామంది వినే ఉంటారు. ఆ పిల్ల పెళ్ళికి ఒకే ఒక్క ముహూర్తముందట. నీటి గడియారంలోకి వంగి చూస్తుంటే ముత్యమొకటి జారి గిన్నె చిల్లు మూసేసిందట. ముహూర్తం దాటింది, పెళ్ళి ఆగింది. ఓదార్పుగా తండ్రి ఆమె పేర లెక్కల పుస్తకం రాశాడట.

నవలలు రాసేదాన్ని కనుక నా చూపు పాత్ర మీదికే పోతుంది. ఈ కథలో గణితం ఏమిటండీ? పెళ్ళి కానందుకు పరిహారం! గడియారం ఎలా నడుస్తుందో చూడాలనుకోవడం శాస్త్రజ్ఞుల లక్షణం. కథ దాన్నే అపశకునం చేసింది.

అసలు పుస్తకం 1150 నాటిది. ఈ కథేమో 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదంలో కనిపిస్తుంది. లీలావతి కూతురని పుస్తకంలో ఎక్కడా లేదు. లేడికళ్ళ పిల్లా, చెప్పమ్మా అంటూ ప్రశ్నలే గానీ, ఆమె నోట ఒక్క జవాబూ లేదు.

2010 ఆగస్టులో ప్రపంచ గణిత మహాసభ మన హైదరాబాదులో జరిగింది. ఫీల్డ్స్ పతకాలు నలుగురికి, నలుగురూ మగవారే. 1936లో మొదలైన ఆ పతకం 2014లో గానీ ఒక స్త్రీకి, మరియం మీర్జాఖానీకి, దక్కలేదు. గణితాన్ని జనంలోకి తెచ్చినవారికి లీలావతి పేర బహుమతి ఆ సభలోనే మొదలైంది. 2022 దాకా నలుగురికిచ్చారు. వారూ మగవారే! అర్హులు కారని నేననను. కానీ పేరు మాత్రం ఆమెది, మాట ఇంకొకరిది. పుస్తకంలో జరిగిందీ అదేగా?

ఇక పెద్దమందడి నుంచి వనపర్తికి బస్సెక్కి బీయస్సీ లెక్కలు చదివే పిల్లని తలచుకోండి. ఆడపిల్లకి లెక్కలెందుకని ఇవాళ ఎవరూ అనకపోవచ్చు. ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాదు వెళ్ళి పరిశోధన చేస్తానంటేనే, "ఇంకెన్నాళ్ళే చదువు? టీచరుద్యోగం చాలదూ?" అంటాం. పరిశోధనకి పట్టే అయిదారేళ్ళూ, మనం పెళ్ళికీ పురుడికీ లెక్కగట్టే ఏళ్ళూ ఒకటే కదా! ఇది గ్రహించే 2016లో యూజీసీ, పీహెచ్‌డీ చేసే స్త్రీలకి రెండేళ్ళు అదనపు గడువు, 240 రోజుల సెలవు ఇచ్చింది. ఆ మాట ఎన్ని ఇళ్ళకి తెలుసు?

2008లో వెలువడ్డ 'లీలావతీస్ డాటర్స్' చూడండి. దాదాపు వందమంది భారతీయ శాస్త్రవేత్తల జీవితాలు, అందరూ స్త్రీలే. చాలామంది తమ కథ తామే చెప్పుకున్నారు. ఆ ముత్యం కథ కన్నా ఇవి మన పిల్లలకి చెప్పదగ్గవి. ముహూర్తాలు మళ్ళీ వస్తాయి. వదిలేసిన పీహెచ్‌డీ సీటు మళ్ళీ రావడం కష్టం.