ఎనిమిదా, పదా?

బైనాక్యులర్ మీద చెక్కి ఉండే రెండు అంకెల్లో మొదటిది దృశ్యం ఎన్ని రెట్లు దగ్గరవుతుందో చెబుతుంది. రెండోది ముందు లెన్స్ వ్యాసం, మిల్లీమీటర్లలో. 8×42లో ఎనభై మీటర్ల అవతలి పాలపిట్ట పది మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు లక్షల రూపాయలు దాటే సరుకు కొనేవారిలో చాలామంది జైసా, లైకానా, స్వరోవ్‌స్కీనా అని నెలల తరబడి కొట్టుమిట్టాడతారు. అసలు తేల్చుకోవలసింది ఈ అంకెల దగ్గర. ఆ మూడు కంపెనీల్లో ఎవరిది కొన్నా పెద్దగా నష్టపోయేది లేదు. ఎనిమిది సరిపోయేవారు పది కొంటే మాత్రం ఆ తేడా బయటికి వెళ్లిన ప్రతిసారీ చేతికి తెలుస్తుంది.

పది వైపు మనసు లాగడం సహజమే. పెట్టిన డబ్బుకు ఎక్కువ దగ్గరగా కనబడాలని ఎవరికుండదు? అయితే పిట్ట ఎన్ని రెట్లు పెద్దదైతే చేతి వణుకూ అన్ని రెట్లవుతుంది. కనిపించే మేర తగ్గుతుంది. ఫోకస్ సరిగ్గా కుదిరే లోతూ తగ్గుతుంది. నల్లమలలో ఆకుల గుబుర్ల మధ్య కొమ్మ నుంచి కొమ్మకు దూకే చిన్న పిట్టను పట్టుకోవాలంటే ఈ మూడూ అడ్డే. పులికాట్‌లో రాజహంసలు చాలాసార్లు కిలోమీటరు అవతల నీళ్లలో నిలబడి ఉంటాయి. అంత దూరానికి పది కూడా చాలదు, ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్ పెట్టుకోవలసిందే. పది నిజంగా అక్కరకొచ్చేది ఈ రెంటికీ మధ్య: రోళ్లపాడు లాంటి గడ్డిమైదానాల మీద తిరిగే గద్దలు, చెరువు నడిమి దిబ్బ మీద వాలిన పిట్టలు. చేయి నిలకడగా ఉన్నవారికి అక్కడ పది మేలు. మిగిలిన వారికి, అంటే ఎక్కువమందికి, ఎనిమిదే. వణుకును లోపలే సరిచేసే కానన్ 10×42 లాంటివి ఉన్నాయి గానీ అవి కిలో పైన తూగుతాయి, బ్యాటరీలు అడుగుతాయి.

రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వెడల్పు వస్తుంది. బైనాక్యులర్‌ను చేయి చాచి పట్టుకుని ఆకాశం వైపు తిప్పితే, కళ్లు ఆనించే అద్దాల నడుమ రెండు చిన్న తెల్లటి బిళ్లలు కనబడతాయి. అదే ఆ వెలుగు. 8×42లో బిళ్ల వ్యాసం 5.25 మిల్లీమీటర్లు, 10×42లో 4.2, 8×32లో 4. మిట్టమధ్యాహ్నం కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుపోతుంది కాబట్టి అప్పుడు మూడూ ఒకేలా వెలుగుతాయి. తేడా బయటపడేది మునిమాపున. కడప జిల్లా లంకమల ప్రాంతపు చిట్టడవుల్లో 1986లో మళ్లీ కంటబడిన కలివికోడి లాంటి రాత్రి పిట్టల మీద ఆశ ఉన్నవారికి 42 కన్నా తక్కువ లెన్స్ వద్దు. కలివికోడి కనబడుతుందని మాత్రం ఏ కంపెనీ హామీ ఇవ్వదు. అలాగని ఇంకా పెద్ద లెన్స్ కొంటే మేలు జరుగుతుందనీ లేదు. 8×56 ఇచ్చే బిళ్ల ఏడు మిల్లీమీటర్లు. ఇరవై ఏళ్ల వయసులో చీకట్లో అంత వరకూ విచ్చుకునే కంటిపాప, యాభై దాటాక సాధారణంగా అయిదు దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి ఖరీదు పెట్టగలిగే వయసు వచ్చేసరికి ఆ అదనపు వెలుగు కంటి లోపలికే పోదు.

ధర ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే గొట్టం లోపలికి చూడాలి. లెన్స్ తలకిందులు చేసిన బొమ్మను తిరిగి నిలబెట్టే ప్రిజంల అమరికకు ఇటలీ దేశస్థుడు ఇగ్నాజియో పోరో 1854లో పేటెంట్ తీసుకున్నాడు. 1894లో జైస్ ఆ పద్ధతిలో బైనాక్యులర్లు అమ్మకానికి తెచ్చింది. పాత సైనికుల దుర్భిణుల్లో భుజాలు పక్కలకు పొడుచుకొచ్చినట్టుండేది అందుకే. నేటి తిన్నని గొట్టాల్లో ఉండేవి రూఫ్ ప్రిజంలు. వీటిలో వెలుగు రెండు పాయలై మళ్లీ కలుస్తుంది. కలిసే చోట తరంగాల లయ తప్పి, బొమ్మలో పదును తగ్గేది. దాన్ని సరిదిద్దే పూతను 1988లో జైస్ ప్రవేశపెట్టింది. పూత లేని గాజు తలం తన మీద పడిన వెలుగులో నాలుగైదు శాతాన్ని వెనక్కి కొడుతుంది. ఒక్కో గొట్టంలో అలాంటి తలాలు పదికి పైనే ఉంటాయి. ఈ నష్టాన్ని ఆపే పూతను 1935లో అదే కంపెనీలో అలెగ్జాండర్ స్మకుల రూపొందించాడు.

ఇవన్నీ ఇప్పుడు మధ్య తరగతి ధరల్లోనూ దొరుకుతున్నాయి. మరి మిగతా లక్షలు ఎక్కడికి పోతున్నాయి? చాలావరకు అంచుల్లోకి. బొమ్మ నడిమధ్య పదునుగా ఉండటం ఈ రోజుల్లో గొప్ప కాదు. అంచు దాకా అలాగే ఉంచుతూ, కనిపించే మేరను వెడల్పు చేయడమే కష్టం. కిలోమీటరు దూరంలో లైకా నాక్టివిడ్ 8×42 చూపే వెడల్పు 135 మీటర్లు, జైస్ విక్టరీ ఎస్ఎఫ్ 148, స్వరోవ్‌స్కీ ఎన్ఎల్ ప్యూర్ 159. ఎన్ఎల్ ప్యూర్‌లో పది రెట్లది కూడా 133 మీటర్లు చూపుతుంది. అంటే లైకా ఎనిమిదికి రెండు మీటర్లే తక్కువ. అలాగని లైకా ఓడినట్టు కాదు, దాని రంగుల నిండుదనం కోసమే కొనేవారున్నారు. అంచు దాకా చదునుగా ఉండే బొమ్మతో ఇంకో చిక్కు ఉంది. బైనాక్యులర్‌ను పక్కకు జరుపుతుంటే లోకమంతా ఒక గోళం మీద దొర్లుతున్నట్టు కొందరికి కనిపించి కళ్లు తిరుగుతాయి, చాలామందికి ఏమీ అనిపించదు. తాను ఏ కోవలో ఉన్నాడో కొనేవాడే చూసి తెలుసుకోవాలి. నికాన్ మోనార్క్ హెచ్‌జీ 8×42 సగం కన్నా తక్కువ ధరకే 145 మీటర్లు చూపుతుంది, పైగా బరువు 665 గ్రాములే. అంచుల్లో, ఎదురెండలో పై మూడింటికీ కాస్త వెనకబడుతుంది. ఆ కాస్త కోసం లక్షన్నర అదనంగా పెట్టాలా అన్న ప్రశ్నకు చాలామంది విషయంలో నిజాయితీ గల జవాబు అక్కర్లేదనే.

కళ్లజోడు ఉన్నవారు ముందుగా చూడవలసింది, కంటికీ వెనక లెన్స్‌కీ మధ్య ఎంత ఎడం వరకూ బొమ్మ పూర్తిగా కనబడుతుందన్నది. కళ్లజోడుతో చూసేవారికి 16 మిల్లీమీటర్లకు తగ్గితే బొమ్మ చుట్టూ నల్లటి అంచు మిగిలిపోతుంది. పైన చెప్పిన లైకా, జైస్, స్వరోవ్‌స్కీ మూడింటికీ ఇది 18, 19 దాకా ఉంది. అయినా కాగితం మీది అంకెను నమ్మి ఊరుకోకూడదు, కళ్లజోడు ఫ్రేమ్, ముక్కు ఎత్తు మనిషికో రకంగా ఉంటాయి. రబ్బరు కప్పులు కిందికి తిప్పి, జోడు పెట్టుకునే చూడాలి. కన్ను కాస్త కదిలినా చిక్కుడుగింజల్లాంటి నల్లటి నీడలు అడ్డొస్తుంటే ఆ బైనాక్యులర్ ఆ ముఖానికి కుదరలేదన్నమాట.

దుకాణంలో గోడ మీది పటాలు చూసి ఏదీ తేలదు, వీధిలోకి రావాలి. సెల్ టవర్ మీద వాలిన కాకి మంచి పరీక్ష. తెల్లటి ఆకాశం ముందు నల్లటి రెక్క అంచున ఊదా, పచ్చ గీతలు ఎంత పలచగా ఉంటే గాజు అంత మంచిది. ఆ కాకిని నడిమి నుంచి అంచుకు జరిపి, ముక్కు ఎక్కడ మసకబారుతుందో చూడాలి. సాయంత్రం సూర్యుడికి కాస్త పక్కగా, చెట్టు నీడలోకి చూస్తే దృశ్యం అడుగున పాలు పోసినట్టు తెల్లటి తెర లేస్తుందేమో గమనించాలి. ఖరీదైన వాటిలోనూ ఈ లోపం ఉంటుంది. ఫోకస్ చక్రం వేలికి ఎక్కడ అందుతుందో, ఎటు తిప్పితే దూరం వస్తుందో కూడా చూసుకోవాలి. పాతదానికి అలవాటు పడిన వేలు మారడానికి చాలా కాలం పడుతుంది. ఎస్ఎఫ్ బరువు కళ్ల వైపు ఒరిగి తేలిగ్గా తోస్తుంది, ఎన్ఎల్ ప్యూర్ గొట్టాలు నడుము దగ్గర సన్నబడి పిడికిట్లో ఒదుగుతాయి. పది నిమిషాలు ఆపకుండా పట్టుకుంటే గానీ ఇది తెలియదు.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారు రెండు లెక్కలు వేసుకోవాలి: మినహాయింపు పరిమితి దాటిన విలువ మీద కస్టమ్స్ సుంకం, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందా లేదా అన్నది. ఈ బైనాక్యులర్లు లోపల నత్రజని నింపి మూసినవి కాబట్టి లోపలికి తేమ చేరడం అరుదు. బయటి అద్దం మీద బూజు మాత్రం సముద్ర తీరపు ఊళ్లలో ఒక్క వానాకాలంలో పట్టగలదు. గాలి చొరని పెట్టె, సిలికా జెల్ కూడా ఖర్చులో కలిపేసుకోవాలి.

డబ్బు కట్టే ముందు, నమూనాగా చూపిందాన్ని కాకుండా ఇంటికి తీసుకెళ్లబోయే పెట్టెలోని దాన్నే పరీక్షించాలి. దూరంగా ఉన్న డాబా పిట్టగోడ అడ్డగీత మీద ఫోకస్ చేసి, బైనాక్యులర్‌ను మెల్లగా కళ్ల నుంచి కొద్దిగా వెనక్కి జరిపితే రెండు బొమ్మల్లోనూ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే గొట్టాలు ఒకదానితో ఒకటి సరిగా కుదరలేదు. కన్ను కాసేపు సర్దుకుపోతుంది, గంట గడిచాక తలనొప్పి మొదలవుతుంది. అలాంటిది ఎంత పేరున్న కంపెనీదైనా అక్కడే తిరిగిచ్చి మరొకటి అడగాలి.