మలుపు దీపానికి రెండో పని

ఫిబ్రవరి వచ్చిందంటే చిలకలూరిపేట వైపు నుంచి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీల (మిర్చి బస్తాల) బళ్లు రాత్రంతా నడుస్తూనే ఉంటాయి. ఆ చీకట్లో ఎదురొచ్చే బండి వెడల్పు తెలియాలంటే రెండు అంచుల్లోనూ దీపం ఉండాలి. అంచున ఉండే ఇండికేటరేమో మలుపు దగ్గర తప్ప వెలగదు. దాన్నే రాత్రంతా వెలిగేలా చేసే ఆటో ఎలక్ట్రీషియన్ పనితనమంటే నాకు ఎంతో ఇష్టం.

పాత హోల్డరు తీసి, రెండు ఫిలమెంట్ల బల్బుకు సరిపడేది బిగిస్తాడు. 5 వాట్ల ఫిలమెంటుకు పార్కింగ్ లైటు తీగ, 21 వాట్ల దానికి ఫ్లాషర్ తీగ. మామూలప్పుడు సన్నగా వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే ఆ సన్న వెలుగు మీదే పెద్దది కొట్టుకుంటుంది. ఆ బల్బు పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, తిరగేసి పెడదామన్నా కూర్చోదు. ఎంత ముందుచూపు! ఎల్ఈడీ పెడితే మాత్రం కరెంటు వాడకం తగ్గి పాత ఫ్లాషర్ గబగబా కొట్టుకుంటుంది, దాన్నీ మార్చాలి.

అసలు నేర్పంతా ఎర్త్‌లో ఉంది. తుప్పు మీద తీగ బిగిస్తే కరెంటుకు తిరుగుదారి దొరక్క పక్క ఫిలమెంటు గుండా పోతుంది; ఇండికేటర్ వేస్తే వేరే లైట్లు మిణుకుమంటాయి. అందుకే నేను చూసిన మేస్త్రీ గరుకు కాగితంతో రేకును తళతళలాడేదాకా రుద్ది, వేలితో తడిమి చూసుకుని, అప్పుడు స్క్రూ బిగించాడు.

"ఇక వేసి చూడు బాబాయ్" అన్నాడు.

ముసలి డ్రైవరు మీట నొక్కాడు. ఎదుటి షట్టరు మీద నారింజ వెలుగు పడుతూ లేస్తూ ఉంది.