అమ్మానాన్నల చేతికి ఒక్క కాగితం

విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చే అమ్మానాన్నల కోసం మనవాళ్లు ఇంట్లోనే రాసి ప్రింటు తీసే పేట చీటీలంటే నాకెంతో గౌరవం. ఒకే కాగితం, కళ్లజోడు లేకపోయినా చదవగలిగే అక్షరాలు. బుర్జ్ ఖలీఫా ఊసే ఉండదు, దాన్ని పిల్లలు ఎలాగూ చూపిస్తారు. ఒంటరిగా వెళ్లే పగటిపూటకే ఈ చీటీ. మెట్రో గ్రీన్ లైన్‌లో అల్ రాస్ దగ్గర దిగాలి. మసాలా దినుసుల బజారు మీదుగా రేవుకి నడిచి అబ్రా అనే పడవ ఎక్కాలి. చిల్లర 1 దిర్హం చేతిలో ఉంచుకోవాలి. అవతలి ఒడ్డు బర్ దుబాయ్, దిగగానే బట్టల బజారు, ఇంకాస్త ముందుకెళ్తే మీనా బజార్. మెట్రోలో ఏమీ తినొద్దు, తాగొద్దు, 100 దిర్హంలు జరిమానా. నాన్నగారూ, గులాబీ గీత దాటి ఆడవాళ్ల పెట్టెలోకి వెళ్లకండి! ఎంత ప్రేమ ఉంటే ఇంత ముందుచూపు ఉంటుంది! 2024 జనవరిలో బర్ దుబాయ్ శివాలయం జెబెల్ అలీకి మారితే చీటీలో గుడి గురించిన వరుసనూ దిద్దుకున్నారు. అన్నిటికన్నా విలువైనది ఇంటి గుమ్మం దగ్గరి 10 అంకెల మకానీ నంబరు, అంటే ఆ భవనం చిరునామా సంఖ్య. భాష రాకపోయినా అది చూపిస్తే టాక్సీ ఇల్లు చేరుస్తుంది. మీవాళ్లు వస్తుంటే మీరూ ఒకటి రాయండి. ఆ నంబరు మాత్రం అన్నిటికన్నా పైన, పెద్దక్షరాల్లో వేయండి.